ఎండని చెరువునకు తూము

చదివినంత మాత్రమున అరగని పుస్తకమునకు వంతు ఎందుకు? ధర్మవరములో ఉన్న మా పెద్దమ్మ కూతురు నన్నీ ప్రశ్న వేసినది. 30 ఏండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన ఆమెకు ఇటీవల చూపు మందగించినది. అచ్చుపుస్తకమును పది నిమిషములకు మించి చూడజాలదు. అమెరికాలో టెక్సాసునందున్న కుమార్తె యింట ఆరు మాసములు గడపవలసి వచ్చినప్పుడు, ఆ పిల్ల తన గ్రంథాలయపు కార్డు సంఖ్యను తల్లి ఫోనులో నమోదుచేసి, అచ్చటి పౌరగ్రంథాలయము ఉచితముగ అరువిచ్చు శ్రవణగ్రంథములను, అనగా మనుష్యకంఠముతో చదివి భద్రపరచిన పుస్తకములను, యాప్ ద్వారా తెచ్చుకొని వినుట నేర్పినది. మా అక్క కోరిన యొక పుస్తకమునకు పేరు వ్రాయించగా ఆమె ముందు 43 మంది కలరని తెర చెప్పినదట. తొమ్మిది వారములకు వంతు వచ్చినది. రాత్రి వంట ముగిసిన పిమ్మట దినమునకొక అధ్యాయము చొప్పున వినుచు, ఇంక మూడధ్యాయములు మిగిలియుండగా, 21 దినములు గడచిన మరునాడు చూచునప్పటికి పుస్తకము తెరమీద లేదు.

“ఒరే అబ్బయ్యా, కాయితం పుస్తకమంటే సరే, ఒకరింట్లో ఉంటే ఇంకొకరికి దొరకదు. ఫోన్లో ఉండేదానికి వంతు ఏమిటికిరా? నేను వింటే అరిగిపోతాదా? నేను తిరిగియ్యకుండానే అది యాడికి పోయింది?”

తొలుత నేను చెప్పబోయిన సమాధానము “అది వారి నియమమక్కా” అనునది. అట్టి సమాధానము చెప్పి తప్పించుకొనుట బడిలో పాఠము చెప్పిన మనిషి యెదుట చెల్లదు. ఈ అధ్యాయము ఆమె ప్రశ్నకు నేను కూడబెట్టుకొన్న సమాధానము.

చీర యొకటి, అట్టలు వేరొకటి

మా అక్క యింటి గోడ కావల మగ్గమున్నది. ధర్మవరపు పట్టుచీర నేయు మగ్గమునకు పైభాగమున జకార్డు అను పెట్టె యుండును. దానిమీదుగా, ఒకదానికొకటి దారముతో కుట్టిన అట్టల వరుస మెల్లగ దొరలుచుండును. అట్టనిండ చిన్న చిన్న రంధ్రములు. రంధ్రమున్నచోట సూది దూరి, దానితో కూడిన కొక్కెము పడుగు పోగును పైకెత్తును. రంధ్రము లేనిచోట పోగు కదలక నిలుచును. నేతగాడు పేక నడిపించి కాలితో తొక్కగానే తరువాతి అట్ట ముందుకు వచ్చును. అంచులోని నెమలియు, కొంగులోని మామిడిపిందెయు ఈ “ఉన్నది, లేదు” అను రెండు మాటలతోనే పుట్టుచున్నవి. ఫ్రాన్సు దేశపు లియోను నగరమున జోసెఫ్ మేరీ జకార్డు 1804 ప్రాంతమున రూపొందించిన ఈ యుపాయమే తరువాతి కాలమున గణనయంత్రములకు మార్గము చూపినది.

ఫోనులోని పుస్తకము ఇట్టి అట్టల వరుసయే. “పెన్నేటి” అను మాటను తీసికొందము. కంటికి పె, న్నే, టి అని మూడక్షరములే కనబడును. కాని యంత్రము దానిని విడదీసి దాచుకొనును: పకారము, దానిమీది ఎత్వము, నకారము, పొల్లు, మరల నకారము, ఏత్వము, టకారము, గుడి, వెరసి ఎనిమిది గుర్తులు. లోకములోని లిపులకన్నింటికిని సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో ఈ యెనిమిదింటికిని ఎనిమిది స్థానములున్నవి. సాధారణముగ తెలుగు గుర్తు ఒక్కొక్కదానిని దాచుటకు మూడు బైట్లు పట్టును. బైటునకు ఎనిమిది గళ్లు. గడిలో రంధ్రము ఉండవచ్చును, లేకపోవచ్చును. కనుక పెన్నేటి అను మాటకు 192 గళ్లు గల అట్ట చాలును. ఈ లెక్కన 200 పుటల తెలుగు పుస్తకమంతయు ఇంచుమించు ఒక మెగాబైటులో ఇముడును. అదే పుస్తకమును అక్షరములుగ కాక పుటపుటకును ఫోటో తీసి దాచినచో పుటకు 100 కిలోబైట్ల చొప్పున 20 మెగాబైట్లగును. మనిషి చదువగా పది గంటల పుస్తకమైన దానిని సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున భద్రపరచినచో 288 మెగాబైట్లగును.

చీరను ఒకరు కట్టుకొన్నప్పుడు మరియొకరు కట్టుకొనలేరు. అట్టల సంగతి అది కాదు. పక్క మగ్గమువారు వాటిని చూచి మరియొక వరుస గుచ్చుకొన్నచో మొదటి అట్టలకు ఒక్క రంధ్రమైనను తక్కువపడదు. కాగితపు పుస్తకము చీరవంటిది, ఫోను పుస్తకము అట్టలవంటిది. కావున అక్క వేసిన ప్రశ్నలో సగమునకు సమాధానము సూటిగనే చెప్పవచ్చును: ఆమె విన్నంత మాత్రమున అది అరుగదు, వేయిమందికి ఇచ్చినను తరుగదు.

ఇచ్చటనే యొక చిక్కు కలదు. బీరువాలోని పుస్తకమును గ్రంథాలయము నీ చేతికిచ్చినప్పుడు కొత్త ప్రతి యేదియు పుట్టదు. కొన్న పుస్తకమును ఎందరికి అరువిచ్చినను రచయితను అడుగవలసిన పనిలేదు. ఫోనునకు పంపినప్పుడు మాత్రము ఏ వస్తువును చోటు మారదు, నకలు పుట్టును. ఇచ్చుట, నకలు తీయుట ఒకే క్రియగ మారిపోయినవి. నకలు తీయు అధికారము చట్టరీత్యా రచయితది, లేక ఆయన ఎవరికి వ్రాసియిచ్చెనో వారిది. అందుచేత గ్రంథాలయము ఫోను పుస్తకమును కొనుట అరుదు. కొన్ని షరతులపై వాడుకొనుటకు లైసెన్సు, అనగా అనుమతిపత్రము, తీసికొనును. వంతును నిర్ణయించునది ఆ పత్రము.

తూమును ఎవరు బిగించిరి?

అనంతపురము పీఠభూమిలో పుట్టినవారికి వంతు అను మాటను వివరింపనక్కరలేదు. నైరృతి మేఘములను పడమటి కనుమలు ముందే పిండుకొనును. ఈశాన్యపు వానలు తీరము నుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలహీనపడును. సాలున సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన, అదియు తలచినప్పుడు రాదు. అందుచేతనే మన పూర్వులు చెరువునకు తూము పెట్టి, తూమునకు నీరుగంటిని పెట్టి, ఏ మడికి ఏ జామున ఎంత నీరు పారవలెనో కట్టడి చేసిరి. నీరు కొంచెము గనుక వంతు న్యాయము. పుస్తకపు చెరువు ఎండునది కాదు. ఎండని చెరువునకు, ఎండు చెరువునకు పెట్టినట్టే తూము పెట్టినారు. ఏల?

మగ్గపు వీధిలోనే దీనికి జవాబున్నది. ఒక కొత్త అంచును ఊహించి, గళ్ల కాగితముపై గీసి, రోజుల తరబడి అట్టలు గుచ్చినవాని చీర బజారునకు రాకమునుపే పక్కవారు నకలు దింపినచో వాని శ్రమకు కూలి యేది? రచయిత స్థితియు అట్టిదే. ఊరంతటికి ఒక్క నకలు చాలునన్నచో, రెండవ పుస్తకము వ్రాయునప్పుడు ఆతని యింట పొయ్యి వెలుగవలెను గదా. కనుక తూము పెట్టుట అన్యాయమని నేననను. ఎంత బిగింతురన్న దానిమీదనే నా పట్టింపు.

బిగింపులో రకములున్నవి. ఎక్కువగ వాడుకలో ఉన్నది “ఒక ప్రతికి ఒక పాఠకుడు” అను పద్ధతి: గ్రంథాలయము రెండు అనుమతులు తీసికొన్నచో ఏకకాలమున ఇద్దరే వినగలరు. ఇద్దరి చేతిలో తలకు 14 దినములుండునని లెక్కవేయుడు. ఒకే దినమున 30 మంది పేరు వ్రాయించినచో కడపటి ఇద్దరికి పుస్తకము అందుట 196 దినముల తరువాత. ఆరు మాసములు దాటినది. దీనికి తోడు ఆ అనుమతికి ఆయువు పెట్టుదురు. 2011లో హార్పర్‌కాలిన్స్ అను ప్రచురణ సంస్థ, ఒక ప్రతిని 26 మారులు అరువిచ్చిన పిమ్మట గ్రంథాలయము మరల కొనవలసినదేనని నిబంధన పెట్టినది. 26ను 14 దినములతో గుణించి చూడుడు, ఒక సంవత్సరము వచ్చును. కాగితము చినుగును గాని సంఖ్యలు చినుగవు. చినుగని వస్తువు 26వ మారు చినిగినట్లు కల్పించుట నాకు సమ్మతము కాదు. 2019 నవంబరులో మాక్‌మిలన్ సంస్థ మరియొక అడుగు ముందుకు వేసి, కొత్త పుస్తకము వెలువడిన ఎనిమిది వారముల వరకు ఎంత పెద్ద గ్రంథాలయ వ్యవస్థకైనను ఒక్క ప్రతియే యిత్తుమనెను. గ్రంథాలయములు తిరుగబడగా 2020 మార్చిలో ఆ కట్టుబాటును విరమించుకొనెను.

వంతు లేని పద్ధతియు నొకటి కలదు. పాఠకుడు ఎప్పుడడిగిన అప్పుడిత్తురు, ఇచ్చిన ప్రతిమారును గ్రంథాలయము రుసుము చెల్లించును. ఇది మన వేసవిలోని ట్యాంకరు నీటివంటిది. వరుసలో నిలువనక్కరలేదు గాని లెక్క పెరుగును, అందుచేత నెలకు మనిషికింతయని హద్దు పెట్టుదురు. ఇక కాపీహక్కు తీరిన పుస్తకములు వాననీటి వంటివి. వాటికి తూము లేదు.

తానే తిరిగిపోవు పుస్తకము

“నేను తిరిగియ్యకుండానే అది యాడికి పోయింది?” అని గదా అక్క అడిగినది. అది ఎక్కడికిని పోలేదు, తాళపుచెవి చెల్లకపోయినది.

అరువు పుస్తకమును యథాతథముగ ఫోనునకు పంపరు. ఒక రహస్య సంఖ్య ననుసరించి అందులోని అట్టలన్నింటిని కలగాపులగము చేసి పంపుదురు. దీనినే ఎన్‌క్రిప్షన్ అందురు, మనము గూఢలేఖనమనుకొందము. ఆ రహస్య సంఖ్య తెలిసినవానికే వరుస మరల కుదురును. తెలియనివాడు దానిని తెరచినచో చెదరిన అట్టలతో నేసిన గుడ్డవలె అర్థములేని గీతలే కనబడును. ఈ తాళపుచెవిని చేతికిచ్చినచో ఇంకొకరికి ఇచ్చివేయవచ్చును గదా? అందుచేత దానిని మరియొక చిన్న పెట్టెలో పెట్టుదురు. ఆ చిన్న పెట్టె నీ ఫోనులోని యాప్‌నకు మాత్రమే తెరచుకొనును. పెట్టెపై గడువు తేదీ వ్రాసియుండును. నీవు పుస్తకము తెరచినప్పుడెల్ల యాప్ ముందు తేదీ చూచును, పిమ్మట చిన్న పెట్టె, ఆ తరువాత పెద్ద పెట్టె. ఇంత జరిగినను మనకు కనురెప్పపాటైనను తెలియదు. గడువు దాటిన క్షణమున చిన్న పెట్టె తెరచుకొనుట మానును. యాప్ ఆ పనికిరాని మూటను తొలగించును, గ్రంథాలయము వరుసలో తరువాతివారికి కబురు పంపును. నీరుగంటి తూము మూసి పలుగు భుజమున వేసికొని పైమడికి నడచినట్లే.

పెట్టెయు తాళపుచెవియు ఫోనులోనే యుండుటచే, ఒకమారు దించుకొన్న పిమ్మట సిగ్నలు లేకున్నను పుస్తకము వినవచ్చును. బస్టాండులోనో బంధువులయింటనో వైఫై దొరికినచోట దించుకొని, టవరు అందని పల్లెలో వినువారికి ఇది చిన్న మేలు కాదు. మా అక్కకు తెలియక పోయినది మరియొకటి కలదు: వెనుక ఎవరును వేచియుండనిచో గడువు పెంచుకొనవచ్చును, ఎవరైన ఉన్నచో మరల పేరు వ్రాయించి వంతు వచ్చినప్పుడు తెరచిన, నిలిచినచోటనే పుస్తకము మొదలగును. వినిన జాగా గుర్తు పుస్తకముతో పోదు.

పడవ లేని సీమలో

పుస్తకము పాఠకుని వెదకుకొని పోవలెనన్న ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు తన జీవితమునంతయు ఆ యుద్యమమునకు ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా పెదపాలెమునుండి కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయమును నడపిరి. రేవు రేవునకు పుస్తకముల పెట్టె ఆగెడిది. మన సీమకు ఆ భాగ్యమెక్కడిది? పడవ పోవుటకు కాలువ కావలెను, కాలువకు నీరు కావలెను. పెన్న సంవత్సరములో అధికభాగము ఇసుకయే. 1960 నాటి గ్రంథాలయ చట్టము జిల్లాజిల్లాకును గ్రంథాలయ సంస్థను నెలకొల్పినది. మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు సెస్సు. ఆ పైసలతో నడచు పఠనమందిరములే ఉద్యోగ పరీక్షలకు చదువుకొను పల్లెటూరి పిల్లలకు నేటికిని నీడ.

నీరు లేకున్నను పోగల పడవ ఇప్పుడు వచ్చినది, అది ఫోను. అమెరికా గ్రంథాలయములలో ఎక్కువగ వినబడు లిబ్బీ అను యాప్ 2017లో వచ్చినది. దానిని నడుపు ఓవర్‌డ్రైవ్ సంస్థ 1986లో ఒహాయో రాష్ట్రమున స్థాపింపబడినది. అందులో ప్రవేశించుటకు సభ్యగ్రంథాలయపు కార్డు ఉండవలెను. మన దేశము వేరు త్రోవ పట్టినది. ఖరగపూరు ఐఐటీ నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018 జూన్ 19న జాతికి అంకితమైనది. అది యావద్భారతమునకు ఉచితము. పిల్లల కొరకు 2024లో రాష్ట్రీయ ఇ-పుస్తకాలయ అను యాప్ వచ్చినది. వీటన్నింటికి ముందే, చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకములను యంత్రములకెక్కింపవలెనను మహాసంకల్పమును చేపట్టగా, దానిలో భాగమైన భారత డిజిటల్ గ్రంథాలయము వేలకొలది తెలుగు గ్రంథములను కాలగర్భమునుండి కాపాడినది. ఆయనకు మనము పడిన ఋణము పెద్దది.

అయినను మా అక్కకు ఆ గ్రంథములు వినబడవు. ఏలయన అవి పుటల ఫోటోలు. కంటికి అక్షరములు కనబడును గాని యంత్రమునకు తెల్లని నేలపై నల్లని మచ్చలే. మచ్చలను చదివి వినిపించుట యంత్రమునకు సాధ్యముకాదు. ముందు మచ్చను అక్షరముగ గుర్తింపవలెను. ఇంగ్లీషు అక్షరములు విడివిడిగ ఒకే గీతపై నిలుచును. మన లిపిలో వత్తు క్రిందికి దిగును, గుడి మీదికెక్కును, ఒక్కొక్కచోట రెండు వత్తులు చేరును. 80 ఏండ్ల నాటి పుస్తకమొకటి నా చేతనున్నప్పుడు భూతద్దముతో చూచితిని: దకారమునకు క్రింద చిన్న నిలువుగీత తగిలిన ధకారము, ఆ ధకారము పొట్టలో చుక్క పడిన థకారము. పుటపై ఒక ఈగమచ్చ సరిగ అచ్చటనే పడియున్నది. “విధము” కాస్త యంత్రమునకు “విథము” అగును. మనిషి సందర్భమును బట్టి దిద్దుకొనును. నేటి యంత్రములు పూర్వముకంటె మిక్కిలి మెరుగైనను, పాత అచ్చులో మనిషి కన్ను తోడులేక పని పూర్తికాదు. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందముగ పనిచేయువారు ఒకప్రక్క పుట ఫోటోను, మరియొకప్రక్క అక్షరములను పెట్టుకొని, ప్రతి పుటను ఈ విధముగనే సరిచూచుచున్నారు. వారు దిద్దిన ప్రతి పుటయు మూగతనము వదలిన పుట.

ఒకమారు అక్షరములైన పిమ్మట మన భాష యంత్రమునకు దయచూపును. వ్రాసినట్లే పలుకుదుము గనుక అక్షరమునుండి ధ్వనికి దారి సూటిగ నున్నది. ఇంగ్లీషులో ఒకే అక్షరసముదాయము చోటునకొక తీరుగ పలుకును; ఆ బాధ మనకు లేదు. కష్టమంతయు ఊపిరిలో నున్నది. దీర్ఘవాక్యములో ఎక్కడ ఆగవలెను, ప్రశ్నలో గొంతు ఎక్కడ లేవవలెను, 1935 అను అంకెను సంవత్సరముగ చదువవలెనా సంఖ్యగ చదువవలెనా, ఇవి లిపిలో లేవు. యంత్రకంఠము సమాచారమునకు చాలును. కథకు మనిషి గొంతే కావలెనని మా అక్క తీర్పు. నేను కాదనలేను.

చట్టము తెరచిన తూము

అక్కవంటివారి కొరకు చట్టమే యొక తూమును తెరచినదని చాలమందికి తెలియదు. 2012లో మన కాపీహక్కు చట్టమును సవరించినప్పుడు, చూపులేనివారు మొదలుకొని అచ్చు చదువలేని వికలాంగులందరి కొరకు లాభాపేక్ష లేకుండ పుస్తకమును వినదగిన రూపమునకు మార్చుటకు హక్కుదారుని అనుమతి అక్కరలేదని చేర్చిరి. మరుసటి సంవత్సరము జూన్ 27న మొరాకో దేశపు మర్రకేషు నగరమున ఇట్టి హక్కునే ప్రపంచమునకు అన్వయించు ఒడంబడిక కుదిరినది. దానిని ధ్రువపరచిన మొదటి దేశము, 2014లో, భారతదేశము. ఇది మనము గర్వింపవలసిన విషయము. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అను అంతర్జాల గ్రంథాలయము ప్రారంభమైనది. అర్హతను తెలుపు ధ్రువపత్రముతో సభ్యులైనవారికి అందులోని పుస్తకములు ఉచితము. వాటికి వాడు డైజీ అను రూపములో అక్షరమును ధ్వనియు జంటగ గుచ్చబడియుండును. కనుక వినువాడు టేపు త్రిప్పినట్లు వెదకులాడక, ఏడవ అధ్యాయమునకో 112వ పుటకో నేరుగ పోవచ్చును.

అక్క కంటివైద్యుని యొద్ద ధ్రువపత్రము కొరకు పేరు వ్రాయించుకొన్నది. చేతికి వచ్చిన పిమ్మట ఏ పుస్తకము అడుగుదువని ప్రశ్నించితిని. “పెన్నేటి పాట” అన్నది. మన అనంతపురము జిల్లా తరిమెలలో 1915లో పుట్టిన విద్వాన్ విశ్వంగారు ఈ సీమ కరవును గానము చేసిన కావ్యమది. కాపీహక్కు రచయిత మరణించిన మరుసటి సంవత్సరమునుండి 60 ఏండ్లుండును. విశ్వంగారు 1987లో దివంగతులైరి. కాబట్టి చట్టము ప్రకారము ఆ కావ్యము 2048 జనవరి 1న అందరి సొత్తు అగును. అంతవరకు వేచియుండవలెనని చట్టము శాసింపలేదు. జీవించియున్న రచయిత బహిరంగ ప్రకటనతో తన హక్కును వదలుకొనవచ్చును. కీర్తిశేషుల వారసులు వ్రాతపూర్వకముగ అనుమతి యియ్యవచ్చును. మీ యింట తాతగారి పుస్తకమొకటి హక్కుతో సహా మీకు సంక్రమించియుండి, అది బజారున దొరకుట మానియున్నచో, దయచేసి ఆ యొక్క కాగితము వ్రాసి సంతకము చేయుడు.